ఫోటో చూసి ఏం చెప్పాలి?

(సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం, పూర్వ విద్యార్థుల ప్రకృతి ఛాయాచిత్ర ప్రదర్శన ప్రారంభ సభలో చేసిన ప్రసంగం)

 

నాది 1980 పదో తరగతి బ్యాచ్. తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఫోటోలు తీయడం నా వృత్తి కాదు, ఆదివారం పని. ఆదివారం తెల్లవారుజామునే కొల్లేటికి పోయి, పది గంటలకల్లా ఇంటికొచ్చి కూరగాయలు తెచ్చిపెట్టే మనిషిని. కార్యవర్గం వాళ్లు నన్ను పిలిచి, "ప్రదర్శన ప్రారంభించి, ఫోటోలు ఎలా తీయాలో పది నిమిషాలు చెప్పండి" అన్నారు. అది చెప్పేవాళ్లు ఇవాళ ప్రతి ఫోన్‌లోనూ ఉన్నారు. నేను ఇంకో సంగతి చెబుతాను. మనవాడెవడో ఒక ఫోటో తీసుకొచ్చి, "ఎలా ఉంది?" అని మన చేతిలో పెడతాడు. అప్పుడు మనం ఏం చెప్పాలి?

ఈ సంగతే ఎందుకు ఎంచుకున్నానంటే, నిన్న సాయంత్రం పక్క గదిలో ఫోటోలు తగిలించేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. మొత్తం 64 ఫోటోలు. ప్రతి ఫోటో కిందా ఒక తెల్లకాగితం, దారంతో కట్టిన పెన్సిలు పెట్టారు, చూసినవాళ్లు అభిప్రాయం రాయడానికి. మంచి ఆలోచన. ప్రదర్శన తెరవకముందే మన వలంటీర్లు కొందరు రాసేశారు కూడా. వెళ్లి చదివాను. "సూపర్." "వెరీ నైస్." "కేక." ఒకచోట "అన్నయ్యా, నువ్వు తోపు." రాసినవాళ్ల ప్రేమలో ఏ లోటూ లేదు. కానీ ఆ ఫోటో తీసిన అన్నయ్య వచ్చే ఆదివారం మళ్లీ కొల్లేటి గట్టు మీద నిలబడతాడు కదా, అప్పుడు ఈ మాటల్లో ఏది తన వెంట తీసుకుపోతాడు? దేంతో పని జరుగుతుంది?

నాకు ఈ విద్య మొదట నేర్పింది మన డ్రాయింగు మాస్టారు. ఆయన కెమెరా పట్టుకోగా నేను చూడలేదు. నేను తొమ్మిదిలో ఉండగా మన బడి వేపచెట్టు బొమ్మ గీసి ఆయనకు చూపించాను. బాగుందనలేదు, బాగాలేదనలేదు. దాన్ని నల్లబల్లకు గుచ్చి, నన్ను చివరి బెంచీ దాకా నడిపించి, వెనక్కి తిప్పారు.

"ఇప్పుడు చూడరా. ముందు నీకు ఏం కనపడింది?"

"గేటు సార్."

"నువ్వు గీసింది?"

"వేపచెట్టు సార్."

"మరి గేటెందుకు ముందొచ్చింది?"

చూస్తే, గేటు ఊచలన్నీ నేను పెన్సిలు అదిమి కటిక నల్లగా గీశాను. చెట్టేమో లేతగా ఉంది. కన్ను నలుపు దగ్గరికి పోయింది. ఆయన ఇంకేమీ చెప్పలేదు, జేబులోంచి రబ్బరు తీసి నా చేతిలో పెట్టారు. ఆ రోజు నేను నేర్చుకున్నది ఇప్పటికీ ఫోటో చూసేటప్పుడు నా మొదటి ప్రశ్న. ముందు నా కన్ను ఎక్కడికి పోయింది?

తర్వాత చాలా ఏళ్లకు దీనికి విరుద్ధమైన అనుభవం ఒకటి అయింది. నా మొదటి కెమెరా అగ్ఫా క్లిక్ 3. రీలుకు 12 ఫోటోలు. మా స్టూడియో ఆయన కడిగి ఇచ్చేటప్పుడు ఒక్కో ఫోటోకు ఒక్కో మాట అనేవాడు. "ఇది చెయ్యి కదిలింది", "ఇక్కడ సూర్యుడికి ఎదురు నిలబడ్డావు." అవే నా పాఠాలు. ఉద్యోగం వచ్చాక సెకండ్‌హ్యాండ్‌లో మంచి కెమెరా కొనుక్కుని, కొల్లేటి సూర్యాస్తమయం ఒకటి తీసి పోటీకి పంపాను. ఫలితాల రోజున న్యాయనిర్ణేత దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని "పోస్టుకార్డు" అని పక్కన పడేశారు. నేను తపాలా శాఖ వాణ్ని కనుక సభలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

అవమానం సంగతి వదిలేయండి. నా అసలు బాధ, దాంతో ఏం చేయాలో తెలియకపోవడం. పోస్టుకార్డు అంటే ఏమిటి? రంగులు ఎక్కువయ్యాయా? అందరూ తీసేదే తీశానా? సూర్యుణ్ని నట్టనడుమ పెట్టానా? చాలా ఏళ్లు అదే ఫోటో మళ్లీ మళ్లీ తీశాను. ఎప్పుడో ఒకరోజు దాన్ని గోడకు గుచ్చి మాస్టారు చెప్పినట్టు వెనక్కి నడిచి చూస్తే అర్థమైంది. కన్ను సూర్యుడి దగ్గరికి పోయి అక్కడే ఆగిపోతోంది. కిందనున్న తాటిదోనె, దాని మీద వల సర్దుకుంటున్న మనిషి, అంతా నల్లటి ముద్ద. నేను గట్టు మీద ఆగింది ఆ మనిషిని చూసి! ఆయన ఒక్క వాక్యం ఎక్కువ చెప్పి ఉంటే నాకు అన్నేళ్లు కలిసొచ్చేవి.

కాబట్టి "సూపర్" అన్న పొగడ్తకూ, "పోస్టుకార్డు" అన్న తెగడ్తకూ నాకు పెద్ద తేడా కనపడదు. రెండూ మన ఇష్టాయిష్టాలు చెబుతాయి, ఫోటో గురించి ఏమీ చెప్పవు.

మరి ఎలా చెప్పాలి? నేను పాటించే వరస మూడే మెట్లు. చూడటం, అడగటం, ఒక్కటి చెప్పడం.

చూడటం అంటే కనీసం నూరు అంకెలు లెక్కపెట్టేంత సేపు చూడాలి. కన్ను మొదట ఎక్కడికి పోయింది, తర్వాత ఎటు నడిచింది, ఎక్కడ బయటికి జారింది. ప్రకృతి ఫోటోల్లో కన్నును లాగేవి కొన్ని ఉంటాయి. అన్నిటికన్నా వెలుగుగా ఉన్న చోటు, ఎరుపు రంగు, మనిషి గానీ జంతువు గానీ ఉంటే దాని కళ్లు, గట్టిగా కనిపించే గీతలు. నాలుగు అంచులూ చూడాలి. పక్షిని చూసే తొందరలో అంచున తెగిన కొమ్మ, మూలన తెల్లటి ప్లాస్టిక్ సంచి తీసినవాడికి కనపడవు, చూసేవాడికి అవే కనపడతాయి. నీటి మట్టం చూడాలి. అది రవ్వంత వాలితే కొల్లేరు ఒక పక్కకు ఒలికిపోతున్నట్టు ఉంటుంది.

రెండోది అడగటం. "ఏం చూసి ఆగావు?" అని అడగాలి. ఇది ఎంత ముఖ్యమో నాకు ఈ ప్రదర్శనే మళ్లీ నేర్పింది. మన బడిలో ఇప్పుడు పదో తరగతి చదువుతున్న ఒకమ్మాయి, వాళ్ల నాన్న ఫోనుతో తీసిన ఫోటో తెచ్చింది. పొద్దున పొగమంచు, మధ్యలో దోనె, ఎదురుగా సూర్యుడు. నేను చూసీ చూడగానే మనసులో తీర్పు రాసుకున్నాను. దోనె చిన్నదైపోయింది, ఇంకా దగ్గరగా తీయాల్సింది, మధ్యలోంచి పక్కకు జరపాల్సింది. నోరు తెరవబోయి మాస్టారు గుర్తొచ్చి ఆగాను.

"ఏం చూసి ఆగావు తల్లీ?"

"గీత సార్."

"ఏ గీత?"

"దోనె వెళ్లాక నీళ్ల మీద గీత మిగిలింది సార్. దోనె పోయినా అది చాలాసేపు ఉంది."

అప్పుడు చూశాను. దోనె వెనకాల నాచులోంచి చీలిన నీటిదారి, సన్నగా, మన కాళ్ల దాకా వస్తోంది. ఆ పిల్ల ఫోటో దాని గురించి. నేను దిద్దబోయింది దోనెను! నా సలహా పాటించి దగ్గరికి పోయి ఉంటే ఆ గీతే ఫోటోలో ఉండేది కాదు. నేను తీయాలనుకున్న ఫోటోను ఆ పిల్లతో తీయించినవాణ్ని అయ్యేవాణ్ని.

"మరి నాకు ముందు గీత ఎందుకు కనపడలేదు?" అని అడిగాను. కాసేపు చూసి తనే చెప్పింది, "సూర్యుడు ఎక్కువైపోయాడు సార్." అంతే. తర్వాతి ఆదివారం సూర్యుణ్ని తన ఎడమ పక్కకు పెట్టుకుని తీసింది. పక్కనుంచి వెలుతురు పడితే నీటి మడతలు ఒక్కొక్కటీ లేచి కనపడతాయి. ఆ రెండు ఫోటోలూ లోపల పక్కపక్కనే పెట్టాం, చూడండి. మొదటిదాన్ని తీసేయొద్దని ఆ అమ్మాయే అడిగింది.

మూడోది, ఒక్కటి చెప్పడం. చూస్తే పది లోపాలు కనపడతాయి. పదీ చెబితే వినేవాడికి మిగిలేది, "నాకు రాదు" అన్న ఒక్కటే. అందుకని ఏది దిద్దితే మిగతావి కొన్ని వాటంతటవే సర్దుకుంటాయో అది చెప్పాలి. అదీ అతని చేతిలో ఉన్నదై ఉండాలి. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు వెళ్లాలి, ఎంత ఎత్తు నుంచి తీయాలి, కెమెరాలో ఏది తిప్పాలి, ఇవి అతని చేతిలో ఉన్నవి. వాన, మబ్బు, పక్షి ఇష్టం అతని చేతిలో లేవు. "లక్షల లెన్సు కొనుక్కో, బాగా వస్తుంది" అన్నది సలహా కాదండి, అతని జీతం మీద వ్యాఖ్య.

ఉదాహరణకు తెల్లకొంగ. మన ప్రాంతంలో కెమెరా కొన్న ప్రతివాడూ మొదట తీసేది దాన్నే. ఫోటోలో అది సున్నం కొట్టినట్టు వస్తుంది, ఈకలు కనపడవు. "ఓవర్ ఎక్స్‌పోజ్ అయింది" అని ఊరుకుంటే అతనికి తెలిసిందే మళ్లీ చెప్పినట్టు. ఎందుకైందో చెప్పాలి. కెమెరా తను చూసేదంతా కలిపి ఓ మోస్తరు బూడిద రంగు ఉంటుందనుకుని లెక్క వేసుకుంటుంది. నల్లటి నీళ్ల మీద చిన్న కొంగ ఉంటే, అది ఎక్కువగా చూసేది నీళ్లనే. చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది. నీళ్లకు మంచిదే, కొంగ కాలిపోతుంది. కనుక "ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 1 దగ్గర పెట్టి తీయి. ఫోన్ అయితే కొంగ మీద వేలు పెట్టి, వెలుతురు గుర్తును కిందికి లాగు" అనాలి. అదే కొంగ ఫ్రేము నిండా వస్తే కెమెరా దీనికి ఉల్టా తప్పు చేసి తెల్లకొంగను మాసిన పంచెలా చూపిస్తుంది, అప్పుడు ప్లస్ వైపు పోవాలి. ఇలా చెబితే అతను కొంగతో పాటు పొగమంచు, మల్లెపూలు, ఉప్పు మడి అన్నీ తీయగలడు.

అలాగే ఎగిరే గూడబాతు. రెక్కలు మసకగా వచ్చాయనుకోండి. "షార్ప్‌గా లేదు" అనడం సులువు. "సెకనులో 250వ వంతులో తీశావు, రెక్క అంతకన్నా వేగంగా కదిలింది, 1600వ వంతుకు పెంచి చూడు" అంటే చేతికి పని దొరుకుతుంది. గట్టు మీద బాతును పైనుంచి తీశాడనుకోండి. "ఈసారి కూర్చుని, దాని కంటి ఎత్తుకు కెమెరా దించి చూడు" అంటే చాలు. అతని మోకాళ్లు నాలాంటివైతే లేవడానికి ఎవరినైనా తోడు తీసుకెళ్లమనండి.

బాగున్నది కూడా ఇదే తీరున చెప్పాలి. "బాగుంది" అని వదిలేయకుండా, ఏది బాగుందో వేలు పెట్టి చూపించాలి. "పక్షి చూసే వైపు ఖాళీ వదిలావు, అందుకే అది ఎగరబోతోందని తెలుస్తోంది" అంటే, తెలియక చేసిన మంచిపని ఈసారి తెలిసి చేస్తాడు. మనుషులు పొగిడిన పనినే మళ్లీ చేస్తారు. ఇది నేను మాట వరసకు అనడం లేదు. దీనివల్ల నా చేతుల మీద జరిగిన ఒక తప్పు మీకు చెప్పాలి. ఇంతవరకు సభలో ఎక్కడా చెప్పలేదు. ఇది మన బడి, ఇక్కడ చెప్పుకోవచ్చు.

పన్నెండేళ్ల కిందట ఒక ఊళ్లో చిన్న పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఇంటర్ చదివే కుర్రాడొకడు పికిలిపిట్ట గూడు ఫోటో పెట్టాడు. గూట్లో మూడు పిల్లలు, మూడు ఎర్రటి నోళ్లు తెరుచుకుని, ఒక్క ఆకు అడ్డం లేకుండా అద్దంలో చూసినట్టు ఉంది. మొదటి బహుమతి ఇచ్చాను. కింద నా చేత్తో రాశాను, "అడ్డంకులు లేని స్పష్టమైన చిత్రం" అని. ఆ ఫోటోనీ, నా వాక్యాన్నీ అక్కడ చాలా రోజులు గోడకు ఉంచారు.

మరుసటేడు అదే పోటీకి మళ్లీ పిలిచారు. గూళ్ల ఫోటోలు తొమ్మిది వచ్చాయి. అన్నీ ఆకులు లేనివే. నాకు కొంచెం అనుమానం వచ్చింది. టీ తాగేటప్పుడు ఆ కుర్రాడు కనపడితే అడిగాను.

"కిందటేడు ఫోటో అంత క్లీన్‌గా ఎలా వచ్చిందోయ్?"

"మందారచెట్టండి. ఆకులు అడ్డం వస్తుంటే నాలుగు కొమ్మలు కత్తిరించానండి."

"పిల్లలు ఎగిరిపోయాయా తర్వాత?"

"లేదండి. మర్నాటికి గూడు ఖాళీ. కాకులొచ్చాయండి."

దాచలేదు, తప్పు చేసినట్టు తల దించలేదు. ఎందుకు దించుతాడు? పెద్దమనిషి ఒకాయన సభలో చప్పట్ల మధ్య బహుమతి ఇచ్చాడు కదా. ఆ గూటికి ఎండ తగలకుండా, కాకి కంట పడకుండా కాపాడేవి ఆ ఆకులే. నేను "అడ్డంకులు" అని రాసింది వాటినే. మొదటి గూడు నా మాటకు ముందే పోయింది. తర్వాత వచ్చిన ఆ తొమ్మిది గూళ్లలో ఎన్ని నిలిచాయో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ రోజు ఆ కుర్రాడితో, "తప్పు నాది బాబూ, ఆకులెటు పోయాయని నేను అడగలేదు" అన్నాను. నిర్వాహకులతో మాట్లాడి గూళ్ల ఫోటోలు పోటీకి తీసుకోవద్దని చెప్పాను. మన దేశంలో చాలా పోటీల్లో ఈ కట్టడి ఉంది. చట్టం కూడా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అనే మాటకు ఇచ్చిన అర్థంలోకి పక్షుల గూళ్లనూ గుడ్లనూ చెదరగొట్టడం కూడా వస్తుంది. తుపాకీ లేకపోయినా, చేతిలో కెమెరా ఒక్కటే ఉన్నా అంతే. బ్రిటన్‌లోని రాయల్ ఫోటోగ్రఫిక్ సొసైటీ ప్రకృతి ఫోటోగ్రాఫర్లకు పెట్టిన నియమావళి కూడా ఫోటో కన్నా ఆ ప్రాణి క్షేమమే ముఖ్యమని చెబుతుంది.

అందుకని నా మూడు మెట్లకు ముందు ఇప్పుడు ఇంకో మెట్టు చేర్చుకున్నాను. పక్షి గానీ జంతువు గానీ ఉన్న ఫోటో చూపిస్తే, వెలుతురు గురించి మాట్లాడకముందు, "ఇది ఎలా తీశావు, ఎంత దూరం నుంచి? తీశాక అది ఏం చేసింది?" అని అడుగుతాను. తింటున్నది తింటూనే ఉంటే మంచిది. లేచిపోతే మనం ఎక్కువ దగ్గరికి పోయినట్టు. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టుకున్న రోజుల్లో మనలో చాలామంది పడవ ఎక్కుతాం. పడవ నడిపేవాణ్ని "ఇంకొంచెం దగ్గరికి పోనీ" అని తొందర పెట్టే గొంతుల్లో ఒకప్పుడు నాదీ ఒకటి. దూరం నుంచి తీసిన చిన్న పక్షి ఫోటోను మనం మెచ్చుకోవడం మొదలుపెడితే ఆ గొంతులు తగ్గుతాయి. చుట్టూ ఉన్న నీళ్లు, చెట్టు, పక్క గూళ్లు కనపడే ఫోటోలో ఆ పక్షి ఎలా బతుకుతుందో తెలుస్తుంది. మద్రాసులో ఎం. కృష్ణన్ అనే ప్రకృతి రచయిత ఉండేవారు, 1912లో పుట్టి 1996లో పోయారు. తన అవసరానికి తగ్గట్టు తనే జోడించుకున్న కెమెరాతో నలుపు తెలుపుల్లో అడవి ఏనుగులను తీశారు. దొరికితే ఆ ఫోటోలు చూడండి.

నిజం గురించి కూడా ఒక మాట. ఇప్పుడు ఫోన్‌లోనే ఆకాశం మార్చవచ్చు, కొమ్మను చెరిపేయవచ్చు. పెళ్లి ఫోటోలో చేసుకోండి, ఎవరూ కాదనరు. కానీ ప్రకృతి ఫోటో అని పెడితే చూసేవాడు అది అక్కడ అలా ఉందనే నమ్ముతాడు. 2014లో ఫియాప్, ఫోటోగ్రఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా, రాయల్ ఫోటోగ్రఫిక్ సొసైటీ, మూడూ కలిసి నేచర్ ఫోటోకు ఒకే నిర్వచనం పెట్టుకున్నాయి. అంచులు కత్తిరించవచ్చు గానీ లోపల ఉన్నదాన్ని చెరపకూడదు, లేనిదాన్ని చేర్చకూడదు. మన వరిచేలు ఉన్న పచ్చదనం చాలు, ఇంకా పచ్చ పూయాల్సిన పని లేదు. ఎవరైనా పూస్తే, "దొంగ ఫోటో" అని నలుగురిలో అనకండి. "ఆ రోజు చేను ఇంత పచ్చగా ఉందా?" అని విడిగా అడగండి. తనే రంగు తగ్గించి తెస్తాడు.

ఇక ఫోటోలు పెట్టినవాళ్లకు. మీరు కూడా వినడం నేర్చుకోవాలి. ఎవరైనా ఒక మాట అనగానే "నాలుగింటికి లేచానండీ, జలగలు కుట్టాయండీ, రెండు గంటలు నీళ్లలో నిలబడ్డానండీ" అని మొదలుపెడతాం. నేనూ అంతే. ఆ కష్టం నిజమే, కానీ అది ఫోటోలో కనపడదు. చూసేవాడికి కనపడేది కాగితం మీద ఉన్నదే. కాసేపు ఊరుకుని, "మీకు ముందు ఏం కనపడింది?" అని మీరే అడగండి. వాళ్లు చెప్పింది మీరు అనుకున్నదే అయితే ఫోటో పని చేసినట్టు. కాకపోతే, ఎక్కడ తప్పిందో మీకు అప్పుడే తెలిసిపోతుంది. చెప్పినవన్నీ పాటించనక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు విడివిడిగా ఒకే చోట వేలు పెడితే మాత్రం ఆ చోటు చూసుకోండి.

ఎప్పుడు చెప్పాలన్నది కూడా ముఖ్యం. దీనికి నాకు గురువు గిజిగాడు. మన ఊరి చెరువు గట్టు తాడిచెట్లకు వేలాడే గూళ్లు మీరందరూ చూసినవే. మగపిట్ట గూడు మొత్తం అల్లదు. సగం అల్లి, టోపీ బోర్లించినట్టు ఉండగా ఆపి, రెక్కలు కొడుతూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆవిడ వచ్చి చూసి, నచ్చితేనే మిగతా సగం అల్లుతుంది. నచ్చకపోతే దాన్ని వదిలి ఇంకోటి మొదలుపెడుతుంది. మన పిల్లలు కూడా సగం అల్లిన దశలోనే ఫోటో తెచ్చి చూపిస్తారు. చట్రం కట్టి గోడకు ఎక్కించాక చెప్పే విమర్శ ఎవరికీ పనికిరాదు. వాళ్లు ఫోన్ పట్టుకుని మన పక్కన నిలబడినప్పుడే ఆ నూరు అంకెల సమయం ఇవ్వాలి. ఉపాధ్యాయులకు ఇది నేను చెప్పనక్కర్లేదు, రోజూ నోటు పుస్తకాలతో చేసే పనే.

ఆ పికిలిపిట్ట కుర్రాడి సంగతి పూర్తి చేసి ముగిస్తాను. మూణ్ణాలుగేళ్ల తర్వాత నాకు ఒక ఫోటో పంపాడు. కరెంటు తీగ మీద పికిలిపిట్ట, ముక్కున పచ్చటి పురుగు, మెడ ఒక పక్కకు తిప్పి కిందికి చూస్తోంది. తీగ ఫోటోకు అడ్డంగా ఉంది, వెనకాల ఎవరిదో డాబా, ఆరేసిన బట్టలు. గూడు ఎక్కడుందో తెలియదు. ఎక్కడో ఉందని, అక్కడ ఆకలితో నోళ్లు ఉన్నాయని మాత్రం తెలుస్తోంది. కింద రాశాడు, "ఆకులు అలాగే ఉన్నాయి సార్" అని. నేను ఏం జవాబు రాశానో అనుకుంటున్నారా? ముందు నా కన్ను పురుగు దగ్గరికి పోయిందని రాశాను. పిట్ట ఎటు చూస్తోందో అటు నేనూ చూశానని రాశాను. వెనకాల ఆ ఎర్ర చీర కన్నును లాగుతోంది, ఈసారి రెండడుగులు ఎడమకు జరిగి చూడమని రాశాను.

కాసేపట్లో తలుపులు తెరుస్తారు. మీకు నాదొక్క విన్నపం. 64 ఫోటోలూ చూడాలన్న తొందర పెట్టుకోకండి. మూడు ఎంచుకోండి. ఒక్కోదాని ముందు కాసేపు నిలబడి, ముందు మీ కన్ను ఎక్కడికి పోయిందో రాయండి. ఏది ఎందుకు బాగుందో రాయండి. దిద్దుకోదగ్గది ఒక్కటి రాయండి. తీసినవాళ్లు గదిలోనే తిరుగుతుంటారు, ఏం చూసి ఆగారో అడగండి. పెన్సిళ్లు అన్నీ చెక్కించి పెట్టాం, రబ్బర్లు కూడా ఉన్నాయి.